ముప్పై ఎనిమిదిన్నర

మా తోడికోడలు సన్నబడుతోందని అందరికంటే ముందు తెలిసింది నాకే. నెలకోసారి ఆమె నడుముకి టేపు చుట్టి చూసేది నేనే కదా. కట్టుకున్న మొగుడికన్నా ముందు నాకు తెలిసింది, తెలిసిన రోజునుంచే నాకు కడుపుమంట మొదలైంది. డాక్టరు మందిస్తే తగ్గే మంట కాదది. నన్ను నోరారా అక్కా అని పిలిచే మనిషి మీద పుట్టిన పచ్చి అసూయ. ఇప్పుడిక దాచి చేసేదేమీ లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నేను దర్జీని. మా ఇంటి ముందు గదే నా కొట్టు. రెండు మిషన్లు, గుడ్డ పరిచి కత్తిరించే పొడుగాటి బల్ల, మూలన తెర కట్టిన చోట నిలువుటద్దం. పైవాటాలో మా మరిదీ, ఆయన భార్యా ఉంటారు. ఆమెని నేను చిన్నది అంటాను. నలభై దాటినా నాకు చిన్నదే. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది. ముదురు నీలం ప్యాంటు, అదే రంగు కోటు, వచ్చినవాళ్ల పంటినొప్పి సగం తగ్గేలా ఒక నవ్వు. ఆ ప్యాంట్లూ కోట్లూ అన్నీ నా చేతి కుట్టే.

పద్దెనిమిదేళ్లుగా మా ఇద్దరిదీ ఒకటే కొలత. ఒకే కాగితం మీద గీతలు గీసుకుని ఇద్దరి బట్టలూ కత్తిరించేదాన్ని. నేను కాస్త ఒళ్లు చేస్తే నా వెనకాలే ఆమె కూడా చేసేది. అలా చేసినప్పుడల్లా కాగితం అంచుకి ఇంకో ముక్క అతికించి కొలత పెంచేదాన్ని. అంచు పొడుగునా అతుకులు పడ్డ ఆ కాగితం చూసుకుని ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్లం. లావయ్యామన్న బాధ నాకెప్పుడూ పెద్దగా లేదు. పక్కన ఇంకో మనిషి అంతే ఉన్నప్పుడు అసలది లావులాగే అనిపించదు.

కిందటేడు ఇద్దరికీ ఒకేసారి రక్తపోటు ఎక్కువైందని తేలింది. డాక్టరు మందులు రాసి, ఇద్దరి నడుములూ కొలిచాడు. చెరి నలభై అంగుళాలు. బరువు సంగతి తర్వాత, ముందు ఈ నడుము ముప్పై అయిదుకి దిగాలి, లేకపోతే గుండె మీదికొస్తుంది అన్నాడు. ఫోన్లో చూసి ఎగరకండి, మీ మోకాలెలా వంగుతోందో పక్కన నిలబడి చూసే మనిషిని వెతుక్కోండి అని కూడా చెప్పాడు. పక్కన నిలబడే మనిషిని వెతకమంటే మేం ముందు ఫోనే తెరిచాం. అందులో ఒకావిడ చకచకా గెంతుతూ మధ్యమధ్యలో శభాష్, చాలా బాగా చేస్తున్నారు అంటోంది. మేమిద్దరం కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నాం. అయినా ఆవిడ మెచ్చుకోవడం ఆపలేదు.

ఆ తర్వాత బజారు చివర ఉన్న అద్దాల జిమ్ముకి వెళ్లాం. నాలుగు గోడలకీ అద్దాలే. అక్కడి కోచ్‌కి ముప్పై అయిదేళ్లుంటాయి. చేతులు రెండూ ఒంటికి ఆనకుండా దూరంగా నిలిచేటంత కండలు. ఆయనకి కండలాయన అని అక్కడికక్కడే పేరు పెట్టాం. మీకేం జబ్బులున్నాయి, మీరేం పని చేస్తారు అని ఒక్క ముక్క అడగలేదు. మాట్లాడినంతసేపూ మా వైపు కాకుండా అద్దంలో తన వైపే చూసుకున్నాడు. మూడు నెలల్లో మమ్మల్ని మేమే గుర్తుపట్టలేమన్నాడు. చిన్నది నా కొంగు పట్టుకున్న పిల్లలా నా వెనక్కి జరిగి, ఇక్కడ వద్దక్కా అంది.

మూడో మనిషి ఊసు చిన్నదే పట్టుకొచ్చింది. వాళ్ల క్లినిక్‌కి వచ్చిన ఎవరో చెప్పారట. గ్రంథాలయం వెనక వెడల్పాటి రాతిమెట్లున్నాయి, ముప్పై రెండు. పొద్దున్నే అక్కడ ఒకావిడ ఆరుగురికి మించకుండా పెట్టుకుని కసరత్తు చేయిస్తుంది. యాభై దాటిన మనిషి. ఆపరేషన్లు అయినవాళ్లని లేపి నడిపించే ఉద్యోగం ఆసుపత్రిలో ఇరవయ్యేళ్లు చేసిందట. అద్దాల్లేవు, బరువుల్లేవు, పాటల్లేవు. ఆవిడ మాకు మెట్లావిడ అయింది.

మెట్లావిడ మమ్మల్ని కూర్చోబెట్టి చాలా అడిగింది. ఏ మందులు వేసుకుంటున్నారు, ఎప్పుడైనా పడ్డారా, రోజుకెన్ని గంటలు కూర్చుంటారు, నిద్రెలా పడుతుంది. అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవమంది. చిన్నది లేవబోయి వెనక్కి కూలబడి, నావల్ల కాదండీ అని నవ్వేసింది. ఆవిడ అదీ రాసుకుంది. నేను రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ లేవలేక, చెప్పులు జారుతున్నాయన్నాను. ఆవిడ నెమ్మదిగానే, చెప్పులు తీసి మళ్లీ లేవండి అంది. అప్పటికే మిగతావాళ్లు వచ్చి నిలబడి ఉన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై స్కూలు యూనిఫాంలు కుట్టాల్సినవి ఉన్నాయి, నాకిక్కడ తీరిక లేదని చెప్పి చరచరా ఇంటికొచ్చేశాను. చిన్నది నా వెంట వచ్చేస్తుందనుకున్నాను. పద్దెనిమిదేళ్లలో నేను లేచి వచ్చేసిన చోట ఆమె కూర్చున్నది లేదు. ఆ రోజు కూర్చుంది.

ఆ ఉక్రోషంతోనే నేను మర్నాడు వెళ్లి కండలాయన దగ్గర చేరాను. ఆమెకంటే ముందు తగ్గి చూపించాలి, అంతే. నాకు కోచ్ కావలసింది ఒళ్లు బాగుచేసుకోవడానికి కాదు, తోడికోడలి మీద గెలవడానికి. అందుకని మొదటిరోజు నచ్చనివన్నీ ఆ రోజు నచ్చాయి. రెండో రోజే ఆయన నా చేతుల్లో బరువులు పెట్టాడు. భుజం లాగుతోందంటే, లాగితేనే పని చేస్తున్నట్టు అన్నాడు. తొమ్మిదో రోజు కుడిభుజం పట్టేసింది. ఇరవై రోజులు చెయ్యి పైకి లేవలేదు, మిషను మీద గుడ్డ తోయడానికి కూడా ఎడమచేత్తోనే తంటాలు పడ్డాను. ఇంట్లో మాత్రం మందపాటి కోట్లు కుట్టీ కుట్టీ అలా అయిందని చెప్పాను. చిన్నది రోజూ సాయంత్రం పైనుంచి దిగివచ్చి నా భుజానికి కాపడం పెట్టేది. ఆమె వేళ్లు తగులుతుంటే నాకు ఇంకా ఒళ్లు మండేది.

మెట్లావిడకి ఒక పద్ధతి ఉంది. తూకం మిషను మాట నమ్మదు, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ చెబుతుందని. నెల మొదటి రోజున టేపుతో కొలత తీయించుకు రావాలి. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే టేపుతో తీయాలి. ఎవరి కొలతలు వాళ్లే తీసుకుంటే పొట్ట లోపలికి పీల్చుకుంటారట. మా అక్క దర్జీ అండీ అని చిన్నది గొప్పగా చెప్పిందట. అంతకన్నా ఏం కావాలి అని ఆవిడ సంతోషపడిందట.

మొదటి నెల ముప్పై తొమ్మిదిన్నర. రెండో నెల ముప్పై ఎనిమిదిన్నర. రెండుసార్లూ ఉన్నదే చెప్పాను. చెప్పినప్పుడల్లా చిన్నది చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేను నవ్వు మొహం పెట్టి నిలబడ్డాను. ఆమె వెళ్లాక తెర వెనక అద్దం ముందుకి వెళ్లి నా నడుముకి టేపు చుట్టి చూసుకుంటే నలభైన్నర వచ్చింది. ఇద్దరికీ పనికొచ్చిన ఆ కటింగు కాగితం బల్ల మీదే ఉంది. ఇంక ఆమె ప్యాంటుకి అది పనికిరాదు. ఆమె సన్నబడినందుకు కాదు, నన్నొక్కదాన్నీ ఈ కొలతలో వదిలేసి పోతున్నందుకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా కోపం నాకు అలవాటు కాబట్టి, కోపమే తెచ్చుకున్నాను.

దానికి తోడు ఆ కబుర్లు. మెట్లావిడ ఇలా అంది, మెట్లావిడ అలా అంది. మెట్లు ఎక్కేటప్పుడు మడమ ఆనించాలంది, ఒకరోజు ఒళ్లు బాగాలేకపోతే మానెయ్యమంది, నిన్న ముప్పై రెండు మెట్లూ ఆగకుండా ఎక్కితే నా భుజం తట్టింది. ఇదివరకు ఆ నోటినిండా ఉండే మాట అక్క. అక్క చెప్పింది, అక్కనడుగుతాను. ఇప్పుడా చోట్లోకి ఇంకొకావిడ వచ్చి కూర్చుంది. నడుము సంగతి అటుంచితే, ఆ భుజం తట్టడమే నా కళ్లలో ఎక్కువ నిప్పులు పోసింది.

మూడో నెల మొదటి రోజు చిన్నది చేతులెత్తి నిలబడింది. టేపు చుట్టాను. ముప్పై ఏడున్నర. పూర్తిగా ఒక అంగుళం దిగింది. ఆమె కళ్లు మూసుకుని నా నోటివైపు చెవి పెట్టింది. నేను ముప్పై ఎనిమిదిన్నర అన్నాను.

ముందుగా అనుకుని అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. తిరిగి మింగెయ్యొచ్చు, చూసుకోలేదు పొరపాటనొచ్చు. అనలేదు. చిన్నది కళ్లు తెరిచి, అదేమిటక్కా, పోయిన నెలదే కదా అంది. అప్పుడప్పుడు అంతేలే, వచ్చే నెల తగ్గుతుందిలే అని ఓదార్చాను కూడా. ఆమె మొహం వాడిపోవడం చూస్తే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

నాలుగో నెల అసలు కొలత ముప్పై ఆరున్నర. చెప్పింది ముప్పై ఎనిమిదిన్నర. అయిదో నెల ముప్పై అయిదూ ముప్పావు. చెప్పింది అదే ముప్పై ఎనిమిదిన్నర.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. ఈ మధ్యలో ఆమె ప్యాంట్లు జారిపోతున్నాయని బిగించమని ఇచ్చింది. ఈ రకం గుడ్డ ఉతికేకొద్దీ సాగుతుందని చెప్పి తీసుకున్నాను. అక్కడ కూడా నేను చెప్పిన అంకెకే కుట్టి ఉంటే నా అబద్ధానికి అండ దొరికేది. అలా కుట్టలేకపోయాను. నోరు ముప్పై ఎనిమిదిన్నర అన్నా చెయ్యి ముప్పై ఆరున్నర దగ్గరే సుద్దగీత గీసింది. ఇరవై ఆరేళ్లుగా నా కొట్టులోంచి ఒంటికి అతకని గుడ్డ బయటికి పోలేదు, అసూయ కోసమని పోనివ్వబుద్ధి కాలేదు. అబద్ధమాడటానికి అడ్డురాని సిగ్గు, వదులు ప్యాంటు కుట్టడానికి అడ్డొచ్చింది. నా బుద్ధి అలాంటిది.

చిన్నది ఆ ప్యాంట్లు వేసుకుని, నీ చేతిలో ఏముందో గానీ నేను తగ్గకపోయినా తగ్గినట్టు కనిపిస్తున్నానక్కా అంది. ఈలోగా రాత్రి భోజనం మానేసింది. అది నాకు తెలుసు. ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయిందనీ, మెట్లావిడ కోప్పడిందనీ మా మరిది చెప్పాడు. కొలత తగ్గట్లేదని దిగులు పెట్టుకుంది వదినా, కాస్త నువ్వు చెప్పు అన్నాడు. సరే చెబుతాననే అన్నాను. ఏమీ చెప్పలేదు.

అయిదో నెల కొలత చెప్పిన వారానికి, ఆదివారం పొద్దున్న, చిన్నది కొట్టులోకి వచ్చి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను ఒక కోటుకి గుండీలు కుడుతున్నాను. కాసేపు గుండీల పెట్టెలో వేళ్లు పెట్టి కెలుకుతూ కూర్చుని, రేపటితో అయిపోయినట్టేనక్కా అంది.

ఏం అయిపోయిందన్నాను. మెట్లావిడ మానెయ్యమందట. ఆవిడకి ఇంకో పద్ధతి కూడా ఉందట, చేరినప్పుడే చెబుతుందట. వరసగా మూడు నెలలు టేపు కదలకపోతే ఆ మనిషిని తన దగ్గర ఉంచుకోదు. మీ తప్పు కాదు, నా పద్ధతి మీ ఒంటికి పట్టలేదు, వేరేవాళ్ల దగ్గరైతే పట్టొచ్చు, ఊరికే మీ కాలం పాడుచెయ్యను అని చెప్పి పంపేస్తుంది. ఆ చోటు కోసం చూస్తున్నవాళ్లు డజనుమంది ఉన్నారు. ఊపిరి బాగుపడింది, మెట్లు అవలీలగా ఎక్కుతున్నారు, కొలత మాత్రం ఎందుకు కదలట్లేదో నాకు అంతుపట్టట్లేదు అని ఆవిడ తల పట్టుకుందట.

"టేపు సాగిపోయిందేమో, మీ అక్కని వేరే టేపుతో చూడమనండి అందక్కా. నాకు కోపమొచ్చింది. మా అక్క టేపు తప్పదండీ, తప్పితే మీ పద్ధతే తప్పాలి అన్నాను. అనకుండా ఉండాల్సింది."

సూది నా వేలిలో దిగింది. నేను గుండీ మీదినుంచి తలెత్తలేదు. మీ మరిది కూడా తగ్గావు తగ్గావు అంటాడు, అక్క టేపుకన్నా నీ కళ్లెక్కువా అని ఆయన్నీ కసురుతున్నాను అంది. మరిప్పుడేం చేస్తావన్నాను. బరువులెత్తితే కదులుతుందేమో, బజారు చివర అద్దాల జిమ్ముందిగా, అక్కడ చేరతాను, మళ్లీ నలభైకి పోతే నా గుండె సంగతేమిటి అంది.

నేను ఎన్నాళ్లుగానో కోరుకున్నది ఇదే. మెట్లావిడ దగ్గర్నుంచి ఊడి రావడం. పొద్దున్న లేస్తే ఆవిడ ఊసు వినక్కర్లేకపోవడం. ఇద్దరం మళ్లీ ఒకే కాగితం మీదికి రావడం. అది తిన్నగా నడిచి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంటే, నాకు సంతోషం రాలేదు. తిండి మానేసి సగమైన ఆ మనిషి, కండలాయన ముందు అద్దంలో నిలబడటం కనిపించింది. నా భుజం లాంటి భుజం ఆమెకీ ఉంటుంది. అయినా గుండీ కుట్టడం పూర్తి చేసి దారం తెంపాను.

ఆ పగలంతా కత్తెర పట్టలేదు. మర్నాడు పొద్దున్న చిన్నది బయల్దేరిన పది నిమిషాలకి నేనూ బయల్దేరాను. గ్రంథాలయం వెనక్కి వెళ్లేసరికి ఆరుగురూ మెట్ల మధ్యలో ఉన్నారు. చిన్నది అందరికంటే పైన ఉంది. నన్ను చూసి గబగబా దిగివచ్చింది. ముప్పై మెట్లు దిగినా ఆయాసం లేదు. మెట్లావిడ నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఏమిటన్నట్టు చూసింది.

"ఈమెని పంపకండి," అన్నాను. "కొలతలు తప్పు కాదు, నేను తప్పు చెప్పాను. మూడు నెలలూ తగ్గుతూనే ఉంది. తగ్గలేదని నేనే చెప్పాను."

చిన్నదానికి అర్థం కాలేదు. టేపు సాగిందా అక్కా అని అడిగింది. ఇంకా నాకు దారి వదులుతూనే ఉంది. ఆ దారి పట్టుకుని పోవచ్చని ఒక క్షణం అనిపించింది కూడా. సాగలేదు, కావాలనే చెప్పాను, నువ్వు తగ్గుతుంటే చూడలేకపోయాను అన్నాను. నా భుజం పట్టేసింది కోట్లు కుట్టి కాదు, నీకంటే ముందు తగ్గాలని ఆ అద్దాల జిమ్ములో చేరి పాడుచేసుకున్నాను, నువ్వక్కడికి పోవద్దు అని కూడా చెప్పాను.

"మరి ఇప్పుడెంతక్కా?"

ముప్పై అయిదూ ముప్పావు అన్నాను. మెట్లావిడ సంచిలోంచి టేపు తీసి అక్కడే కొలిచి, సరిగ్గా అంతే అంది. చిన్నదాని మొహం విచ్చుకుంది. నిజంగానా, ఇన్నాళ్లూ తగ్గుతూనే ఉన్నానా అని మెట్లావిడ రెండు చేతులూ పట్టుకుని గెంతినంత పని చేసింది. నన్ను తిట్టడం ఆమెకి ముందు గుర్తుకు రాలేదు. ముందు సంతోషమే వచ్చింది. అది చూస్తూ నిలబడటంకన్నా చెంపమీద కొట్టించుకోవడం నయమనిపించింది. తర్వాత, చేతులు వదిలేశాక, నావైపు తిరిగింది. అప్పటికి నవ్వు పోయింది.

"రెండు నెలలు రాత్రిపూట తినలేదక్కా. ఆకలేస్తే నీళ్లు తాగి పడుకున్నాను."

ఆ మాట అని, వెళ్లి తన వరసలో నిలబడి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మెట్లావిడ నన్ను తిట్టలేదు. ఎవరికి వాళ్లు చేసుకునే మోసం తెలుసు గానీ ఇలాంటిది తట్టలేదు, ఇకనుంచి కొలతలు నేనే తీస్తాను అని మాత్రం అంది.

ఆ తర్వాత చిన్నది నాతో మాట్లాడటం మానలేదు. మానితే బాగుండేది. ఎదురైతే భోంచేశావా అక్కా అంటుంది, భుజమెలా ఉందంటుంది. కొట్టులోకి మాత్రం రాదు. మూడు వారాలకి పైవాటా తీగ మీద కొత్త నీలం ప్యాంటు ఆరేసి కనిపించింది. నేను కుట్టినది కాదు. ఎవరూ లేనప్పుడు పైకెళ్లి తిరగేసి చూశాను. నడుంపట్టీ ఒకవైపు గోరంత ఎత్తు, ఇంకోవైపు గోరంత పల్లం. జేబు మూతి దగ్గర ముడత. లోపల పెంచడానికి గుడ్డ వదల్లేదు. ఎవడో తెలియని ఆ దర్జీ మీద నాకు పుట్టినంత కుళ్లు మెట్లావిడ మీద కూడా పుట్టలేదు. వాడు ఆమె చుట్టూ టేపు పట్టుకుని తిరిగి ఉంటాడు. వాడు చెప్పిన అంకె ఆమె నమ్మి ఉంటుంది.

నా నడుము సంగతీ ఉంది. డాక్టరు చెప్పిన గుండె నాకూ ఒకటుంది. మొహం ఎలా చెల్లుతుందని నెలరోజులు ఊగిసలాడి, చివరికి మెట్లావిడ దగ్గరికే వెళ్లాను. చెప్పులు విడిచి కింది మెట్టు మీద కూర్చుని, లేవలేనండీ అని ముందే చెప్పేశాను. ఆవిడ నోటుబుక్కు తీసి మొదటినుంచీ అన్నీ అడిగింది. భుజం గురించి ఎక్కువసేపు అడిగింది. ఎవరో ఒకామె ఊరు మారడంతో ఒక చోటు ఖాళీ అయిందట, చేరమంది. కొలత మీరే తీస్తారా అన్నాను. మొదటి కొలత మాత్రం ఇంట్లోవాళ్లే తీయాలి, ఇంట్లో ఒకళ్లకి తెలిసి ఉండాలి అంది.

మా ఆయన్ని పట్టుకుని నిలబెట్టి టేపు ఇచ్చాను. నా చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి నూట నాలుగు అన్నాడు. సెంటీమీటర్ల వైపు చదివాడు. అంగుళాల వైపు చదవమంటే కళ్లజోడు వెతుక్కోవడానికి వెళ్లి పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఇంక ఇంట్లో ఉన్నది ఒక్కరే. టేపు పట్టుకుని పైకెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. చిన్నది పనికి బయల్దేరుతోంది. సంగతి చెప్పాను. ఒక్కక్షణం టేపువైపు చూసి చెయ్యి చాపింది.

నేను చేతులెత్తి నిలబడ్డాను. ఎన్ని వేలమందిని అలా నిలబెట్టానో లెక్కలేదు, డాక్టరునీ మా ఆయన్నీ పక్కనపెడితే నన్నలా నిలబెట్టినవాళ్లు ఎవరూ లేరు. చిన్నది వంగి టేపు చుట్టి నలభై ఒకటి అంది. వెంటనే ఊపిరి వదులక్కా అంది. బిగబట్టానని నాకే తెలియలేదు. వదిలాను.

"నలభై ఒకటిన్నర. ఉండు, మళ్లీ చూస్తాను. తప్పు చెప్పకూడదు కదా."

ఎత్తిపొడిచిందేమోనని ఆమె మొహంలోకి చూశాను. ఎత్తిపొడుపు లేదు. కళ్లు చిట్లించి, టేపు మెలిక పడకుండా వెనకనుంచి సరిచేసి, నిజంగానే మళ్లీ కొలుస్తోంది. రెండోసారీ నలభై ఒకటిన్నరే వచ్చింది. ఒక చీటీ మీద రాసి, తేదీ వేసి ఇచ్చింది. వంగి రాస్తున్నప్పుడు కోటు కాస్త పైకి జరిగి, ఆ ప్యాంటు నడుంపట్టీ నా కళ్లముందుకొచ్చింది. వెనక కూడా వంకరే. ఎంత ఆపుకుందామన్నా ఆగలేకపోయాను.

"ఆ ప్యాంటు ఒకసారి ఇలా ఇవ్వు. పట్టీ విప్పి సరిచేసి ఇస్తాను, పదినిమిషాల పని."

చిన్నది వెనక్కి చెయ్యి పెట్టి పట్టీ తడిమి చూసుకుంది. అందులో వంకర ఉన్నట్టు ఆమెకి తెలిసినట్టే ఉంది.

"వద్దులే అక్కా. నాకు సరిపోతోంది," అంది.

టేపు చుట్టగా చుట్టి నా చేతిలో పెట్టింది. తలుపు తాళం వేసుకుని, నాకంటే ముందు గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.